తొంభై ఏడు శాతం ఖాళీ

మా మురుగునీటి విభాగం ప్రధాన కార్యాలయంలోని పెద్ద కంప్యూటరులో మెమరీ తొంభై ఏడు శాతం ఖాళీగా ఉన్నదని ఇందుమూలంగా పట్టణ ప్రజలకు తెలియజేయడానికి ఎంతో సంతోషిస్తున్నాం. ఇంత ఖాళీ చుట్టుపక్కల ఏ పట్టణంలోనూ లేదు. ఉన్నదని ఎవరైనా చెబితే నమ్మవద్దు. వాళ్ళు కంప్యూటరు కట్టేసి కొలిచి ఉంటారు.

పై ప్రకటన రాసింది నేనే. ఈ కార్యాలయంలో ప్రకటనలు రాయడం నా ఉద్యోగం. వీధిలో మురుగు పొంగితే "నీటిమట్టంలో ఆశాజనకమైన పెరుగుదల" అని రాస్తాను. పొంగిన మురుగు నెల తర్వాత దానంతటదే ఎండిపోతే "విభాగం చేపట్టిన చర్యల ఫలితం" అని రాస్తాను. కాబట్టి ఇప్పుడు చెప్పబోయేదాంట్లో ఒక్క ముక్క కూడా విమర్శ అనుకోకండి. నాకు పిల్లలున్నారు.

ముందు మా డైరెక్టరు గారి సంగతి చెప్పాలి. ఆయనకు ఖాళీ అంటే ప్రాణం. బల్ల మీద కాగితం కనబడిందంటే పని మిగిలిపోయినట్టని ఆయన సిద్ధాంతం. ప్రతి సోమవారం పొద్దున్నే చేతులు వెనక్కి కట్టుకుని బల్లలన్నీ తనిఖీ చేస్తారు. ఏమీ లేని బల్ల దగ్గర కూర్చున్నవాడు సమర్థుడు. అంచేత శనివారం సాయంత్రమే మేమంతా ఫైళ్ళు మోసుకెళ్ళి బీరువాల వెనక, కుర్చీల కింద, మెట్ల కింద చీపుర్లు పెట్టే గదిలో సర్దేస్తాం. మంగళవారం నుంచి వాటిని వెతుక్కుంటాం. దొరికినవాటి మీద పని చేస్తాం. ఈ పద్ధతి వచ్చాక మాకు పని సగానికి సగం తగ్గింది. జనం కూర్చునే హాల్లో బెంచీలు కూడా ఆయన తీయించేశారు. బెంచీలుంటే జనం కూర్చుంటారు, కూర్చుంటే హాలు నిండినట్టు కనబడుతుంది. ఇప్పుడు జనం బయట ఎండలో నిలబడతారు. లోపల హాలు అద్దంలా మెరుస్తూ ఉంటుంది.

ఇక కంప్యూటరు. కిందటి వానాకాలం పల్లం వీధి మునిగింది. నీరు పల్లమెరుగు అన్నారు పెద్దలు. మా విభాగం మాత్రం ఎరగదు. ఎందుకంటే పట్టణం కింద పారే కాలువల్లో ప్రతి నెలా ఎవరో ఒక కాంట్రాక్టరు కొత్త గొట్టం కలుపుతాడు, ఇంకొకడు పాతది మూసేస్తాడు. ఏది ఎందులో కలుస్తుందో మనిషన్నవాడికి గుర్తుండదు. అదంతా మ్యాపులో ఎక్కించి ఉంటుంది. గట్టిగా వాన పడితే షట్టర్ల దగ్గర ఉండే ఆయన ఫోను చేసి ఏ షట్టరు ఎత్తమంటారని అడుగుతాడు. ఒకటి ఎత్తితే నీళ్ళు నదిలోకి పోతాయి. ఇంకొకటి ఎత్తితే పల్లం వీధిలోకి పోతాయి. ఆ క్షణంలో మ్యాపు తెరిచి చూసి చెప్పాల్సిన మనిషి మా మ్యాపుల మేడమ్.

మ్యాపుల మేడమ్ ఇల్లు పల్లం వీధిలోనే, అందులోనూ అట్టడుగున. ముందు గదిలో ఆమె భర్త కుట్టుమిషన్లు పెట్టుకుని బట్టలు కుడతాడు. కిందటేడు నీళ్ళు లోపలికొచ్చినప్పుడు మిషన్ల మోటార్లు కాలిపోయాయి, ఊరివాళ్ళ బట్టలన్నీ బురదపాలయ్యాయి. కిందామీదా పడి మళ్ళీ నిలదొక్కుకున్నాడు. "ఇంకోసారి నీళ్ళొస్తే నావల్ల కాదే, ఇంక లేవలేను" అన్నాడట. ఆమె ఆ మాట ఆఫీసులో కనబడిన ప్రతివాడికీ చెప్పింది. చెప్పి, పోరి, విసిగించి, ఈ వానాకాలం లోపల ఆ పెద్ద కంప్యూటరు తెప్పించింది.

ఆ మ్యాపు ఒక్క బొమ్మ కాదు, వేలకొద్దీ ముక్కలు. పొద్దున మొదటిసారి తెరిచినప్పుడు ముక్కలన్నీ డిస్కు మీద నుంచి ఒక్కొక్కటే రావాలి. ఈలోపు మనం భోజనం చేసి, చెయ్యి కడుక్కుని, కునుకు తీసి రావచ్చు. ఆ తర్వాత మాత్రం ఎన్నిసార్లు అడిగినా రెప్పపాటులో తెరుచుకుంటుంది. ఫైళ్ళను చూసుకునే ఫైల్ సిస్టమ్ అనే పనిమంతుడు ఒకడు కంప్యూటరు లోపల ఉంటాడు. ఒకసారి చదివినదాన్ని మళ్ళీ అడుగుతారేమోనని వాడు మెమరీలో చేతికందేలా ఉంచుకుంటాడు. దీన్నే క్యాషింగ్ అంటారు. కొత్త కంప్యూటరులో మెమరీ బోలెడు ఉంది కాబట్టి మ్యాపు మొత్తం అందులో పట్టేసింది. మేడమ్ ముఖం విప్పారింది. ఆ వారమంతా భర్తకు రోజూ ఫోను చేసి "ఈసారి భయం లేదండీ" అని చెప్పింది.

సోమవారం డైరెక్టరు గారు తనిఖీకి వచ్చారు. మేడమ్ బల్ల మీద కంప్యూటరు తప్ప ఏమీ లేదు. ఆయన సంతోషించి వెళ్ళబోతూ తెర మీద ఒక మూల ఉన్న గ్రాఫు చూశారు. మెమరీ తొంభై ఐదు శాతం నిండి ఉంది.

"దీన్నెవరు తిన్నారు?" అన్నారు.

కంప్యూటర్ల ఆఫీసరును పిలిపించారు. ఆయన్ని మేం రీస్టార్ట్ గారు అంటాం. ఏ జబ్బుకైనా ఆయన దగ్గర ఒకటే మందు. నిజానికి ఆయన చదువుకున్నవాడు, విషయం తెలిసినవాడు. ఆ లోపాన్ని ఆయన ఇన్నేళ్ళుగా ఎవరికీ తెలియకుండా నెట్టుకొస్తున్నాడు. ఆ రోజు కంగారులో బయటపడిపోయాడు.

"ఎవరూ తినలేదండి. ఊరికే పడున్న మెమరీ కదా అని ఫైల్ సిస్టమ్ వాడుకుంటోంది. వేరే ఎవరికైనా కావాలంటే వెంటనే ఇచ్చేస్తుందండి."

"అడక్కుండా తీసుకుంటుంది, అడిగితే ఇచ్చేస్తుంది. అంతేనా?"

"అంతేనండి."

"మన పాత క్యాషియరు కూడా పోలీసులకి ఇదే చెప్పాడు" అన్నారు డైరెక్టరు గారు.

వెంటనే విచారణ సంఘం వేశారు. దానికి అధ్యక్షుడు స్టోర్స్ ఆఫీసరు. ఆయన జన్మలో కంప్యూటరు ముట్టినవాడు కాదు, కాబట్టి నిష్పక్షపాతంగా ఉంటాడని ఎంచుకున్నారు. ఆయన స్టోర్సులో పారలు, గొట్టాలు, గంపలు ఎవరికీ ఇవ్వకుండా కాపాడుతూ ఉంటారు. ఇచ్చేస్తే స్టోర్సులో ఏముంటుందని ఆయన బాధ.

సంఘం ముందు రీస్టార్ట్ గారు నిలబడి ఫైల్ సిస్టమ్ గుణగణాలు ఒక్కొక్కటే చెప్పుకొచ్చారు. "మ్యాపులో ఒక ముక్క అడిగితే తర్వాత పక్క ముక్క కూడా అడుగుతారని ఊహించి, అడక్కముందే తెచ్చి పెట్టుకుంటుందండి" అన్నారు.

స్టోర్స్ ఆఫీసరు కళ్ళజోడు తీశారు. "అడక్కముందే?"

"అవునండి."

"ఎవరి అనుమతితో?"

మా కార్యాలయంలో ఏ పనైనా అడిగాక, మళ్ళీ అడిగాక, అడిగి అడిగి అడిగేవాళ్ళకు విసుగొచ్చి మానేశాక మొదలవుతుంది. అటువంటి చోట ఒక యంత్రం అడక్కుండా పని చేస్తోందంటే మిగతా సిబ్బంది మనోధైర్యం ఏమైపోవాలి? ఆ సదుపాయాన్ని తక్షణం తీసివేయాలని ఏకగ్రీవంగా నిర్ణయించారు.

తర్వాత ఒక సభ్యుడు, మెమరీ పూర్తిగా నిండిపోతే ఏం చేస్తుందని అడిగాడు. పాపం, మంచి మనసుతోనే అడిగాడు.

"చాలాకాలంగా ఏ పనికీ రాకుండా పడున్నదాన్ని ముందు బయటికి తోసేస్తుందండి" అన్నారు రీస్టార్ట్ గారు.

స్టోర్స్ ఆఫీసరు మంచినీళ్ళు అడిగారు. సభ్యులు ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా జాగ్రత్తపడ్డారు. "ఈ సూత్రం బయటికి పొక్కకూడదు" అని స్టోర్స్ ఆఫీసరు మెల్లగా అన్నారు. అప్పటికే పొక్కింది. మధ్యాహ్నానికల్లా ఉద్యోగుల సంఘం సమావేశమై, పనిచేయనివారిని ముందుగా తొలగించే అమానుష విధానాన్ని ఖండిస్తూ తీర్మానం చేసింది. ఆ తీర్మానం రాసిపెట్టింది కూడా నేనే. చాలా బాగా వచ్చింది.

చివరికి మ్యాపుల మేడమ్ వంతు వచ్చింది. డైరెక్టరు గారు స్వయంగా ప్రశ్నించారు.

"సార్, మెమరీ ఉన్నది వాడుకోవడానికే కదా" అంది ఆమె.

"అమ్మా, మీ ఇంట్లో చుట్టాలొస్తే తీసే పింగాణీ పళ్ళేలు వేరే ఉంటాయా, ఉండవా?"

"ఉంటాయి సార్."

"వాటిలో రోజూ తింటారా?"

"తినం సార్. చుట్టాలొచ్చినా మా అత్తగారు తీయనివ్వరు. పగులుతాయని."

"అదీ. మీ అత్తగారికున్న ఇంగితం ఈ కంప్యూటరుకి లేదు" అన్నారు డైరెక్టరు గారు. సభ్యులు బల్లలు చరిచారు. ఖాళీ బల్లలు కావడం వల్ల మోత బాగా వచ్చింది.

సంఘం మరీ కఠినంగా పోలేదని ఒప్పుకోవాలి. ఫైల్ సిస్టమ్ ఫైళ్ళ పేర్లు గుర్తుపెట్టుకోవచ్చు, లోపల ఏముందో గుర్తుపెట్టుకోరాదు అని మధ్యేమార్గం చూపించింది. దీనికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. మేమంతా ఏళ్ళ తరబడి అలాగే పనిచేస్తున్నాం.

రీస్టార్ట్ గారు ఆజ్ఞ ప్రకారం క్యాషింగ్ పరిమితిని చెంచాడుకు దించేశారు. గ్రాఫు నేలకు దిగింది. తొంభై ఏడు శాతం ఖాళీ. చిన్న సభ పెట్టి, రీస్టార్ట్ గారిని పదోన్నతితో సత్కరించారు. ఖాళీ ఇంత బాగుందని తెలిశాక దాన్ని పెంచకుండా ఎలా ఉంటాం? అంతకు అంత మెమరీ మళ్ళీ కొని, పెట్టె విప్పకుండా బీరువాలో పెట్టారు. ఖాళీ రెండింతలైంది. అది కూడా చాలదన్నట్టు, మెమరీలో పొరపాటున ఏదైనా మిగిలితే ఒక్క దెబ్బతో ఊడ్చేసే మీట ఒకటి రీస్టార్ట్ గారు తయారుచేసి తెర మీద పెట్టారు. అతిథులు వచ్చినప్పుడు డైరెక్టరు గారు వాళ్ళ చేత ఆ మీట నొక్కిస్తారు.

మ్యాపు మాత్రం ఎన్నిసార్లు తెరిచినా మొదటిసారి తెరిచినట్టే తెరుచుకోసాగింది. ఒక వీధి చూసి పక్క వీధికి వెళ్ళి మళ్ళీ మొదటి వీధికొస్తే, ఆ వీధిని పుట్టాక ఎప్పుడూ చూడనట్టు మళ్ళీ డిస్కుకు పరుగెడుతుంది. మేడమ్ వెళ్ళి మొత్తుకుంటే డైరెక్టరు గారు "తొందరపాటు వల్లే తప్పులు జరుగుతాయమ్మా, నిలకడ ముఖ్యం" అన్నారు. నేను ఆ మాట అందంగా రాయించి గోడకు పెట్టించాను.

ఒకరోజు నడవాలో ఆమె రీస్టార్ట్ గారిని పట్టుకుంది. నేనూ అక్కడే ఉన్నాను.

"తమ్ముడూ, నీకంతా తెలుసు కదా. తెలిసి ఇదేం పని?"

"తెలుసక్కా. తెలిసినట్టు కనబడితే బతకనిస్తారా ఇక్కడ?" అని ఆయన అటూ ఇటూ చూశాడు. "ఒక పని చేద్దాం. గట్టిగా మబ్బు పట్టిన రోజు నాకు చెప్పు. ఆ పూటకి పరిమితి ఎత్తేస్తా, మ్యాపు మొత్తం లోపలికి లాగేసుకో. గ్రాఫు ఎవరికంటా పడకుండా తెర మీద ఏదైనా గుడ్డ కప్పెయ్."

ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నువ్వు చల్లగా ఉండాలి" అంది. మా కార్యాలయంలో పని జరగాలంటే దొంగతనంగా జరగాల్సిందేనని నాకు తెలుసు గనక నేనేమీ అనుకోలేదు.

ఆ రోజు రానే వచ్చింది. పొద్దున్నే ఆకాశం నల్లబడింది. రీస్టార్ట్ గారు పరిమితి ఎత్తేశారు. మేడమ్ మ్యాపు తెరిచి కదలకుండా కూర్చుంది. మధ్యాహ్నానికి ముక్కలన్నీ మెమరీలోకి వచ్చేశాయి. భర్త కుట్టిచ్చిన ఎర్ర పట్టు గుడ్డ తెర మీద కప్పి, ఫోను ఒళ్ళో పెట్టుకుని ఎదురుచూడసాగింది.

సరిగ్గా అప్పుడే డైరెక్టరు గారు పక్క పట్టణపు ప్రతినిధులను వెంటబెట్టుకుని వచ్చారు. వాళ్ళు మా ఖాళీని చూసి నేర్చుకోవడానికి వచ్చారు. ఎర్ర గుడ్డ చూసి డైరెక్టరు గారు పొంగిపోయారు. తనకు చెప్పకుండానే సిబ్బంది ఆవిష్కరణకు ఏర్పాటు చేశారనుకున్నారు.

"సోదరులారా, సోదరీమణులారా. నింపడం ఎవడైనా చేస్తాడు. నింపకుండా ఉండటానికి నిగ్రహం కావాలి. ఆ నిగ్రహానికి నిలువెత్తు రూపం ఇదిగో" అని గుడ్డ లాగారు.

తొంభై ఆరు శాతం నిండి ఉంది.

బయట ఉరిమింది. ప్రతినిధులు గ్రాఫు వంక, డైరెక్టరు గారి వంక మార్చి మార్చి చూశారు. డైరెక్టరు గారు ఒక్క చూపు రీస్టార్ట్ గారి వైపు చూశారు. మేడమ్ కూడా ఆయన వైపే చూసింది. రీస్టార్ట్ గారు ఇద్దరినీ చూశారు. ఒకరు పదోన్నతి ఇచ్చినవారు, ఇంకొకరు చల్లగా ఉండమన్నవారు. ఒక్క అడుగు ముందుకేసి మీట నొక్కేశారు.

గ్రాఫు జారి అడుగుకు వచ్చింది. ప్రతినిధులు చప్పట్లు కొట్టారు. అందులో ఒకాయన మళ్ళీ నింపి మళ్ళీ ఊడ్చి చూపించమని కూడా కోరాడు. వాన మొదలైంది. ఫోను మోగింది.

"మేడమ్, ఏది ఎత్తమంటారు? నీళ్ళు కాలువ గోడ అంచుదాకా వచ్చేశాయి."

"ఒక్క నిమిషం అన్నా. తెరుచుకుంటోంది."

తెరుచుకోలేదు. ముక్క ముక్కా డిస్కు మీద నుంచి వస్తోంది, వచ్చింది వచ్చినట్టే పోతోంది, ఎందుకంటే రీస్టార్ట్ గారు భయం కొద్దీ పరిమితిని కూడా మళ్ళీ దించేశారు. మేడమ్ లేచి, "సార్, కాసేపు ఆ పరిమితి తీయించండి సార్, మీకు దణ్ణం పెడతాను" అంది. డైరెక్టరు గారు చిరునవ్వు చెదరకుండా, "అతిథులు టీ తాగుతున్నారు కదమ్మా, వాళ్ళు వెళ్ళనీ" అన్నారు. అతిథులు గ్రాఫు పక్కన నిలబడి ఫొటోలు దిగుతున్నారు.

"మేడమ్, ఇంక ఆగలేను. గోడ కూలేట్టుంది. మూడోది ఎత్తేస్తున్నా."

"వద్దన్నా. ఆగు, అన్నా, వినబడుతోందా?"

వినబడలేదు. అతిథులు టీ తాగి వెళ్ళిపోయాక మ్యాపు తెరుచుకుంది. మూడో షట్టరు కింది గొట్టాన్ని కిందటి నెలలోనే ఎవరో పల్లం వీధి కాలువలో కలిపారు. మ్యాపులో ఆ సంగతి చక్కగా, ఎర్ర గీతతో గీసి ఉంది. గీసింది మేడమే.

ఎవరూ చనిపోలేదు. అది ప్రకటనలో మొదటి వాక్యంగా పెట్టుకున్నాను. పల్లం వీధిలో ఇళ్ళన్నిట్లోకీ నడుము లోతు నీళ్ళొచ్చాయి. మేడమ్ భర్త ఊరివాళ్ళ బట్టలు అటక మీదికి చేరవేస్తూ ఉండగా కరెంటు పోయింది. బట్టలు దక్కాయి, మిషన్లు దక్కలేదు. నీళ్ళు తీశాక అతను గడప మీద కూర్చుని ఎవరు పలకరించినా పలకలేదట.

నాలుగో రోజు పల్లం వీధి జనమంతా కార్యాలయం మీదికి వచ్చారు. కాళ్ళకు బురద, కళ్ళల్లో నిప్పులు. రాళ్ళు పడతాయేమోనని మేం కిటికీలు మూసుకున్నాం. డైరెక్టరు గారు మాత్రం జంకలేదు. అందరినీ హాల్లోకి రమ్మన్నారు, పెద్ద తెర తెప్పించి గ్రాఫు చూపించారు.

"మీ బాధ నా బాధ. కానీ ఒక్క మాట అడుగుతాను. ఈ కార్యాలయంలో ఎవరైనా ఏదైనా తిన్నారా? చూడండి. తొంభై ఏడు శాతం. కొన్నది కొన్నట్టు, పైసా విలువ తగ్గకుండా, మీ ఆస్తిని మీ కోసం ముట్టకుండా ఉంచాం. ఒక్కరు, ఒకే ఒక్కరు, ఆ రోజు నిబంధనలకు విరుద్ధంగా మెమరీ మొత్తాన్ని తన పనికి వాడేసుకున్నారు. గుడ్డ కప్పి మరీ వాడుకున్నారు. ఆ సమయంలోనే ఈ దుర్ఘటన జరిగింది. పేరు చెప్పను. ఒక స్త్రీ గౌరవం నాకు ముఖ్యం."

జనం గ్రాఫు వంక చూశారు. అంత ఖాళీ వాళ్ళెప్పుడూ చూడలేదు. ఇదివరకటి డైరెక్టర్లందరూ ఏదో ఒకటి తిన్నవాళ్ళే. ఎవరో ఒకరు చప్పట్లు మొదలుపెట్టారు, తర్వాత హాలంతా మారుమోగింది. ఆ చప్పట్లలోనే తలలన్నీ మెల్లగా మేడమ్ వైపు తిరిగాయి.

ఆమె పక్కింటి పిన్ని దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేసింది. మంచి మనిషి, మొన్న వరదలో మేడమ్ అత్తగారిని తన వీపున మోసి బయటికి తెచ్చిన మనిషి. "ఏమే అమ్మాయ్, అంతమంది ఉన్న ఆఫీసులో నువ్వొక్కదానివే మొత్తం వాడేశావటగా. కాస్త చూసి వాడుకోవద్దూ?" అంది.

మేడమ్ భర్త కేసి చూసింది. అతను తల ఎత్తి, నాలుగు రోజుల తర్వాత మొదటిసారి నోరు విప్పి, "నిజమేనా?" అన్నాడు.

"నిజమే. నేనొక్కదాన్నే వాడాను."

"అందరూ ఎలా ఉంటే అలా ఉండొచ్చు కదే" అన్నాడు. కోపంగా కూడా అనలేదు.

ఆమె మర్నాటి నుంచి అందరిలాగే ఉంటోంది. మ్యాపు తెరవడం లేదు. బల్ల ఖాళీగా ఉంటోంది. మొన్న సోమవారం డైరెక్టరు గారు ఆమెను పేరుపెట్టి మెచ్చుకున్నారు. షట్టర్ల ఆయనకు ఈసారి నుంచి తోచింది ఎత్తుకోమని రాతపూర్వకంగా అధికారం ఇచ్చారు. మబ్బులు మళ్ళీ పడుతున్నాయి. పల్లం వీధివాళ్ళు సామాను అటకలెక్కించుకుంటూ, ఎలాంటి నిజాయితీపరుడు దొరికాడో అని డైరెక్టరు గారిని తలచుకుంటున్నారు.

మీరు ఆ హాల్లో ఉంటే చప్పట్లు కొట్టేవారు కాదని నాకు తెలుసు. మీరు చదువుకున్నవారు, తప్పెవరిదో మొదటి పేజీలోనే కనిపెట్టేశారు. కనిపెట్టి, ఎవరికీ ఒక్క మాట చెప్పకుండా, నవ్వుకుంటూ ఇంతదాకా చదివారు. మీ ఇల్లు మెరక మీద ఉంది.